2147483647 ప్రధాన సంఖ్య కాబట్టే డేటాబేస్ హద్దు అయిందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఫైనలియర్ ప్రాజెక్టులో విద్యార్థుల ఫోన్ నంబర్లు డేటాబేస్‌లోకి ఎక్కించారు. తర్వాత తీసి చూస్తే అందరి నంబరూ ఒకటే, 2147483647. ఏమిటా అని వెతికితే అదో పెద్ద ప్రధాన సంఖ్య అని తెలిసింది. ప్రైమ్ కాబట్టే దాన్ని హద్దుగా పెట్టుకున్నారా? అంత పెద్ద సంఖ్య ప్రైమ్ అని ఎవరు, ఎలా తేల్చారు? ప్రైమ్ అయినందువల్ల ఒరిగేదేమైనా ఉందా? ఈ మూడూ అడిగారు.

సూటిగా చెప్పాలంటే, దాన్ని ఎవరూ ఎంచుకోలేదు. 32 బిట్ల (0 గానీ 1 గానీ పట్టే స్థానాల) గడిలో ప్లస్-మైనస్ గుర్తుకు ఒక బిట్ పోగా మిగిలిన 31 బిట్లలోనూ ఒకట్లు నింపితే వచ్చే సంఖ్య అది. 2³¹ − 1. అది ప్రైమ్ కావడం మన అదృష్టం, అంతే. కానీ ఆ అదృష్టం వెనక చక్కటి గణితం ఉంది. నాలాంటివాళ్ల జీతాలకు కూడా అది కొంత పనికొచ్చింది.

ముందు మీ డేటాబేస్ సంగతి. ఫోన్ నంబర్ కాలమ్‌ను ఇంట్‌గా, అంటే 32 బిట్ల పూర్ణసంఖ్యగా పెట్టి ఉంటారు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, అంటే అతి చిన్నది కూడా ఆరు వందల కోట్లు. ఇంట్ కాలమ్‌లో పట్టేది సుమారు రెండు వందల పద్నాలుగు కోట్లు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉంటే, పట్టని సంఖ్య ఇచ్చినప్పుడు అది ఎర్రర్ ఇవ్వదు. వార్నింగ్ ఒకటి ఎక్కడో రాసేసి, పట్టగలిగిన అతి పెద్ద సంఖ్యను గడిలో పెట్టేస్తుంది. అందుకే క్లాసు మొత్తానికీ ఒకటే నంబర్. కాలమ్‌ను వర్చార్‌గా (అక్షరాలు దాచే రకంగా) మార్చండి. ఫోన్ నంబర్‌ను కూడేది లేదు, తీసివేసేది లేదు, దాన్ని అక్షరాల్లాగే దాచాలి. పోయిన నంబర్లు ఆ కాలమ్ నుంచి తిరిగి రావు, మళ్లీ ఫారాలు తిరగేయాల్సిందే.

ఇక గణితం. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ని. ఈ సంఖ్య నాకు రెండు ఉద్యోగాల్లోనూ తగిలింది.

అదృష్టం అని ఎందుకన్నాను? మిగతా సైజులు చూడండి. 8 బిట్ల గడిలో గుర్తు పోగా అతి పెద్దది 127, ప్రైమే. 16 బిట్లకు 32767. ఇది 7 × 31 × 151, ప్రైమ్ కాదు. 32 బిట్లకు మన సంఖ్య, ప్రైమ్. 64 బిట్లకు 9223372036854775807, దీన్ని ఏడు నిశ్శేషంగా భాగిస్తుంది. గుర్తు లేని 32 బిట్ల గడి తీసుకుంటే 4294967295. చివర 5 ఉంది కాబట్టి ఇంకేమీ చూడక్కర్లేదు. ప్రైమే కావాలని ఎవరైనా కూర్చుని ఎంచుకుని ఉంటే ఇన్ని చోట్ల తప్పేవారు కాదు.

కొన్ని ప్రైమ్ ఎందుకయ్యాయి, కొన్ని ఎందుకు కాలేదు? ఇది బైనరీలో రాస్తే కంటికి కనిపిస్తుంది. 32767 అంటే పదిహేను ఒకట్లు. వాటిని మూడేసి చొప్పున విడగొట్టండి:

111 111 111 111 111

మన మామూలు లెక్కలో 999999 అనే సంఖ్యను 999 భాగిస్తుందని చూడగానే చెప్పేస్తాం కదా, ఇదీ అంతే. బైనరీలో 111 అంటే 7. కాబట్టి 7 భాగిస్తుంది. అయిదేసి చొప్పున విడగొడితే 31 భాగిస్తుంది. ఒకట్ల సంఖ్యను సమాన గుంపులుగా విడగొట్టగలిగితే చాలు, అది ప్రైమ్ కాదు. 63 ఒకట్లను మూడేసి చేయొచ్చు, ఏడేసి చేయొచ్చు, తొమ్మిదేసి చేయొచ్చు. 31 ఒకట్లను మాత్రం ఎలా పేర్చినా సమాన గుంపులు రావు, ఎందుకంటే 31 తానే ప్రైమ్.

ఇక్కడే చాలామంది జారిపడతారు. ఘాతాంకం ప్రైమ్ అయితే సంఖ్య ప్రైమ్ అయ్యే అవకాశం ఉంది, అంతే. 11 ప్రైమ్, కానీ 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ ఒక్క ఉదాహరణను ఏటా బోర్డు మీద రాసేవాణ్ని. ఏటా పరీక్షలో కొందరు దీన్నే తప్పు రాసేవారు.

పిల్లలదాకా ఎందుకు, పెద్దవాళ్లే పొరబడ్డారు. ఇటలీలో కటాల్డీ అనే ఆయన 1588 నాటికి 17, 19 ఘాతాంకాలను ఒక్కొక్క భాగహారం చేసి సరిగ్గా తేల్చాడు. ఆ ఊపులో 23, 29, 31, 37 కూడా ప్రైమ్‌లనే ఇస్తాయని చెప్పేశాడు. నాలుగింట్లో 31 ఒక్కటే నిలబడింది. 2²³ − 1ను 47 భాగిస్తుందనీ, 2³⁷ − 1ను 223 భాగిస్తుందనీ 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా చూపించాడు. 2²⁹ − 1ను 233 భాగిస్తుందని 1738లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ చూపించాడు. ఇలాంటి సంఖ్యలకు పేరు తెచ్చుకున్న మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి కూడా 1644లో ఇచ్చిన జాబితాలో 67, 257 తప్పుగా చేర్చి 61, 89, 107 వదిలేశాడు. పేరు మాత్రం ఆయనదే మిగిలింది.

మరి 2147483647 ప్రైమ్ అని తేల్చిందెవరు? ఆయిలర్. 1772లో బెర్నూలీకి రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఉంది. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. ఎలా తేల్చాడో మీరు ఒక సాయంత్రం కూర్చుంటే పూర్తిగా అర్థం చేసుకోవచ్చు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొరటు దారి ఇది: వర్గమూలం దాకా ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడటం. దీని వర్గమూలం 46340 దాటి కాస్త. అక్కడిదాకా ప్రధాన సంఖ్యలు నాలుగువేల ఏడువందల పైచిలుకు. చేత్తో చేయాలంటే నెలలు పడుతుంది.

ఆయిలర్ దారి వేరు. ఏదో ఒక ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగిస్తుందనుకోండి. దాన్ని ‘ప’ అందాం. అంటే 2³¹ను ప తో భాగిస్తే శేషం 1. ఇప్పుడు 2, 4, 8, 16 అంటూ రెట్టింపు చేసుకుంటూ పోతూ ప్రతిసారీ ప తో భాగించి శేషాలు రాయండి. అవి ఒక చక్రంలా తిరుగుతాయి. 31 అడుగుల తర్వాత 1 దగ్గరికి చేరాం కాబట్టి చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రైమ్, కాబట్టి పొడవు 1 గానీ 31 గానీ కావాలి. 1 కుదరదు, ఎందుకంటే అప్పుడు 2కూ 1కీ శేషం ఒకటే కావాలి. కనుక 31. ఇక ఫెర్మా సిద్ధాంతం ప్రకారం ఈ చక్రం పొడవు (ప − 1)ని భాగించి తీరాలి. ప బేసి సంఖ్య కూడా. అంటే ప ఎప్పుడూ 62 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉండాలి.

ఒక్క దెబ్బకు వేల సంఖ్యలు ఎగిరిపోయాయి. 46340 లోపు అలాంటివి 747 మాత్రమే, అందులోనూ ప్రైమ్ కానివి కలిపి.

ఇంకో మెలిక ఉంది. 2³¹కు శేషం 1 అయితే 2³²కు శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ వర్గం. అంటే ప తో భాగిస్తే శేషం 2 వచ్చే వర్గసంఖ్య ఒకటి ఉందన్నమాట. ఇంకో సిద్ధాంతం ప్రకారం, అలా జరగాలంటే ప ను 8తో భాగించినప్పుడు శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండు షరతులూ కలిపితే: ప ను 248తో భాగిస్తే శేషం 1 లేదా 63. అలాంటివి 373. వాటిలో ప్రైమ్ కానివి ఏరేస్తే మిగిలేవి ఎనభై పైచిలుకు.

ఎనభై భాగహారాలు! లాక్‌డౌన్‌లో మా అమ్మాయితో కలిసి ఇది మొత్తం చేశాను, అప్పుడది తొమ్మిదో తరగతి. ఇంట్లో ఉన్న కిరాణా కొట్టు కాలిక్యులేటర్ ఎనిమిది అంకెలది, పది అంకెల సంఖ్య దానిలో పట్టదు. (మీ ఇంట్ కాలమ్ కంటే నయం, కనీసం పట్టదని ఒప్పుకుంది.) పన్నెండంకెలది తెప్పించుకున్నాం. ముందు జాబితా రాశాం: 63, 249, 311, 497, 559, 745, 807, 993, 1055, 1241, 1303... ఇందులో 63, 249 మూడుతో పోతాయి, 497 ఏడుతో, 559 పదమూడుతో. 745 చివర అయిదు. ఇలా కొట్టేసుకుంటూ పోతే మొదటి అసలు అభ్యర్థి 311.

311తో భాగిస్తే భాగఫలం 6905092, శేషం 35. తర్వాతది 1303. భాగఫలం 1648107, శేషం 226. కాలిక్యులేటర్ మీద శేషం కనబడదు, చుక్క తర్వాత అంకెలొస్తాయి. చుక్క తర్వాత ఏదైనా ఉంటే కొట్టేయి అన్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఒకచోట చుక్క తర్వాత ఏమీ రాలేదు. మా అమ్మాయి ఎగిరి గంతేసింది, ఆయిలర్ తప్పు దొరికిందని. చూస్తే ఒక అంకె తప్పు కొట్టింది. ఆ అయిదు నిమిషాలు నాకూ గుండె దడదడలాడింది, ఒప్పుకుంటాను.

1867లో లాండ్రీ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఇంకో పెద్ద ప్రైమ్ చూపించేదాకా, అంటే దాదాపు వందేళ్లపాటు, మనుషులకు తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అతి పెద్దదిగా ఇదే నిలిచిందంటారు. దీంతో 2³⁰ను గుణిస్తే 2305843008139952128 వస్తుంది. అది పరిపూర్ణ సంఖ్య, అంటే తనను మినహాయించి తన భాజకాలన్నీ కలిపితే తానే వస్తుంది. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనిపెట్టబోరు, వీటివల్ల ప్రయోజనమేమీ లేదు కాబట్టి అంత శ్రమ ఎవరూ పడరని 1811లో బార్లో అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు రాశాడు. మన సంఖ్యలాంటి ప్రతి ప్రైమ్ నుంచీ ఇలాగే ఒక పరిపూర్ణ సంఖ్య వస్తుంది. ఆయన మాట ఎంత బోల్తా కొట్టిందంటే, 2024 అక్టోబరులో బయటపడ్డ ప్రధాన సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. దాన్లో నాలుగు కోట్ల పది లక్షల అంకెలకు పైగా ఉన్నాయి.

అంత పెద్దవాటికి భాగహారాలు పనికిరావు. లూకా-లేమర్ అనే పరీక్ష వాడతారు. చిన్నది చేసి చూపిస్తాను. 127 ప్రైమా? 4తో మొదలుపెట్టండి. ప్రతి అడుగులో వర్గం చేసి 2 తీసేసి, 127తో భాగించి శేషం ఉంచుకోండి. 4 తర్వాత 14. 14 వర్గం 196, రెండు తీస్తే 194, శేషం 67. తర్వాత 42. తర్వాత 111. తర్వాత 0. ఘాతాంకం 7 కాబట్టి అయిదు అడుగులే వేయాలి, అయిదో అడుగులో సున్నా వచ్చింది, ప్రైమ్. మన సంఖ్యకైతే ఇరవై తొమ్మిది అడుగులు. మీ ల్యాప్‌టాప్‌లో రెప్పపాటు కూడా పట్టదు. లూకా 1876లో ఇలాంటి పద్ధతితోనే 2¹²⁷ − 1 అనే 39 అంకెల సంఖ్య ప్రైమ్ అని తేల్చాడు, కంప్యూటర్ లేకుండా.

ఇక మీ మూడో ప్రశ్న, ప్రైమ్ అయితే ఏమిటి లాభం? రెండు సుగుణాలు ఒకే సంఖ్యలో కలిశాయి. ఒకటి, ప్రైమ్. రెండు, రెండు ఘాతానికి ఒక్కటే తక్కువ.

రెండోదాని వల్ల భాగహారం అక్కర్లేకుండా శేషం వస్తుంది. చిన్నప్పుడు 9తో భాగిస్తే శేషం ఎంతో తెలుసుకోడానికి అంకెలు కూడేవాళ్లం కదా. 10కి 9 ఒకటి తక్కువ కాబట్టి అది పనిచేసింది. ఇక్కడ 2³¹కు మన సంఖ్య ఒకటి తక్కువ, కాబట్టి 31 బిట్ల ముక్కలను కూడితే చాలు. 500 కోట్లు తీసుకోండి. అందులో 2³¹ రెండుసార్లు పోతుంది, 705032704 మిగులుతుంది. ఆ రెండూ ఈ మిగిలిందీ కూడితే 705032706. అదే శేషం. నమ్మకపోతే భాగించి చూడండి. ప్రాసెసర్‌కు భాగహారం కన్నా కూడిక చాలా చవక.

ప్రైమ్ కావడం వల్ల వచ్చే లాభం యాదృచ్ఛిక (ర్యాండమ్) సంఖ్యలు తయారుచేయడంలో కనిపిస్తుంది. 1తో మొదలుపెట్టి, ప్రతిసారీ 16807తో గుణించి, మన సంఖ్యతో భాగించి శేషం తీసుకోండి: 16807, 282475249, 1622650073... ఇలా పోతుంటే 1 నుంచి 2147483646 దాకా ఉన్న ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి వచ్చాకే మళ్లీ 1 వస్తుంది. 16807 అంటే 7⁵. 1969లో ప్రతిపాదించిన ఈ పద్ధతిని 1988లో పార్క్, మిల్లర్ ఇద్దరూ కనీస ప్రమాణంగా వాడమన్నారు. సీ++ భాషలో ఇవాళ్టికీ ఉంది. మీరు రాసుకున్న కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలంటే, 1తో మొదలుపెట్టి పదివేలసార్లు తిప్పండి, 1043618065 రావాలి.

గుణకంగా ఏదిబడితే అది పెట్టకూడదు. 16807 బదులు 2 పెట్టారనుకోండి, పైన చెప్పుకున్న చక్రం గుర్తుంది కదా, 31 అడుగుల్లో తిరిగి 1 దగ్గరికి వచ్చేస్తుంది. రెండు వందల కోట్ల దారి ఉండగా 31 దగ్గరే తిరుగుతూ ఉంటారు. గుణకం మంచిదో కాదో తేల్చడానికి 2147483646 కారణాంకాలు కావాలి: 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. ఇన్ని చిన్న ముక్కలైంది కాబట్టి పరీక్ష సులువు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి నా చేతులు కాలాక తెలిసినవి.

ఒకప్పుడు నేను పనిచేసిన చోట, లక్ష రికార్డులను ఒకదానితో ఒకటి పోల్చే పని వచ్చింది. ప్రతి రికార్డుకూ ఈ సంఖ్య మీద హ్యాష్ (రికార్డులోని సమాచారానికి గుర్తుగా లెక్కగట్టే ఒక సంఖ్య) లెక్కగట్టి, హ్యాష్‌లు ఒకటైతే రికార్డులూ ఒకటే అని రాసేశాను. రెండు వందల కోట్ల గడులుంటే లక్షకు ఢీకొనేవి ఎక్కడుంటాయి అనుకున్నాను. పుట్టినరోజుల లెక్క, అంటే కొద్దిమందిలోనే ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకటయ్యే అవకాశం మనం అనుకున్నదానికన్నా ఎక్కువన్న సంగతి, మర్చిపోయాను. సుమారు 54 వేల రికార్డులు దాటితే చాలు, ఏవో రెండు ఢీకొనే అవకాశం సగానికి సగం. లక్షకైతే సగటున రెండుకు పైనే జంటలు. సంబంధం లేని ఇద్దరి రికార్డులు ఒకటైపోయాయి. తప్పెక్కడుందో పట్టుకోడానికి వారం పట్టింది, ఎందుకంటే నేను అనుమానించాల్సిన ఆ ఒక్క లైనును తప్ప అన్నిటినీ అనుమానించాను. ఆ తర్వాత 2⁶¹ − 1కి మారాను. 2305843009213693951. అదీ ప్రైమే, 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ తేల్చాడు. ముక్కలు కూడే చిట్కా దానికీ పనిచేస్తుంది.

గుణకారంలో కూడా చూసుకోండి. 31 బిట్ల సంఖ్యలు రెండు గుణిస్తే 62 బిట్లు అవుతుంది. లెక్కను 64 బిట్ల గడిలో చేసి అప్పుడు శేషం తీయాలి, లేకపోతే మధ్యలోనే పొంగిపోయి చెత్త వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలు 53 బిట్ల దాకే నికరం. కాబట్టి 16807తో గుణించడం వరకు ఫర్వాలేదు, రెండు పెద్ద సంఖ్యలు గుణిస్తే చివరి అంకెలు తప్పుతాయి, ఏ ఎర్రరూ రాదు.

భద్రతకు దీన్ని దగ్గరికి కూడా రానివ్వకండి. ఓటీపీలు, పాస్‌వర్డ్‌లు ఈ పద్ధతిలో తయారుచేస్తే, ఒక్క విలువ చూసినవాడు తర్వాతవన్నీ చెప్పేస్తాడు. గణితంలో పెద్ద సంఖ్యే, రహస్యాలకు మాత్రం పసిపిల్ల.

ఒక్కటి మిగిలింది. మీ టేబుల్‌లో తేదీల కాలమ్ టైమ్‌స్టాంప్ రకమా? దాని హద్దు కూడా ఈ సంఖ్యే. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఇన్ని సెకన్లు పూర్తయ్యేది 2038 జనవరి 19, మంగళవారం, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఆ రోజుతో పనేమిటి అనిపించొచ్చు. కోర్సు ముగింపు, సర్టిఫికెట్ గడువు లాంటి తేదీలు ముందుకు పోతాయి కదా. ఫోన్ కాలమ్ మారుస్తున్నప్పుడే దాన్నీ డేట్‌టైమ్‌గా మార్చేయండి.